మానసిక వ్యాధి ఉన్న తమ్ముడు విడిగా ఇల్లు తీసుకుని ఉండగలడా? ఎప్పుడు పంపాలి?

మీరు రాసింది క్లుప్తంగా ఇది. మీ తమ్ముడికి ముప్ఫై ఆరేళ్లు. స్కిజోఫ్రీనియా ఉంది. ఏడేళ్లుగా ఒక పునరావాస కేంద్రంలో ఉంటున్నాడు. నెలకో ఇంజెక్షన్‌తో రెండేళ్లుగా నిలకడగా ఉన్నాడు. ఎవరూ లేకపోయినా చెవిలో వినిపించే మాటలు పూర్తిగా పోలేదు గానీ బాగా తగ్గాయి. విడిగా ఇల్లు తీసుకుని ఉండవచ్చని డాక్టరు అంటున్నారు. వంట, డబ్బు లెక్క, మందులు, శుభ్రత అన్నీ ఎవరూ గుర్తు చేయకుండా ఆరు నెలలు చేసి చూపిస్తే అప్పుడు ఆలోచిద్దామని కేంద్రం వాళ్లు అంటున్నారు. అమ్మానాన్నలు భయపడుతున్నారు. "తను సిద్ధంగా ఉన్నాడో లేదో ఎలా తెలుస్తుంది?" అన్నది మీ ప్రశ్న.

నేను సైకియాట్రిక్ సోషల్ వర్కర్‌ని. ఏళ్ల తరబడి ఆస్పత్రుల్లో, కేంద్రాల్లో ఉండిపోయిన వాళ్లు ఇళ్లలో స్థిరపడేలా చూడటం చాలాకాలంగా నా పని. నా అభిప్రాయం ముందే చెబుతాను. కేంద్రంలో పెట్టే పరీక్షతో మీ ప్రశ్నకు జవాబు దొరకదు. అతను సిద్ధమా అని అడిగే ముందు అతనికి తోడుగా ఉండవలసిన ఏర్పాటు సిద్ధమా అని అడగండి. నేను చూసినంతలో ఇల్లు నిలబడటం, నిలబడకపోవడం ఎక్కువగా దాని మీదే ఆధారపడింది.

కేంద్రం వాళ్లు చెడ్డ ఉద్దేశంతో ఆ షరతు పెట్టలేదు. కానీ ఆ షరతు వెనుక ఒక పొరపాటు ఆలోచన ఉంది. స్కిజోఫ్రీనియాలో మాటలు వినిపించడం, అనుమానాలు రావడం పైకి కనిపిస్తాయి. పని మొదలుపెట్టే చొరవ తగ్గడం, వరుస క్రమం గుర్తుండకపోవడం, ఒక చోట నేర్చుకున్నది ఇంకో చోట వాడలేకపోవడం అంతగా కనిపించవు. కేంద్రంలోని పెద్ద వంటగదిలో, పదిమంది మధ్య, అక్కడి పొయ్యి మీద నేర్చుకున్న వంట కొత్త ఇంటి చిన్న పొయ్యి దగ్గర అక్కరకు రాకపోవచ్చు. పైగా అన్నీ వేళకు అమరే చోట చొరవ పెరిగే అవకాశమే తక్కువ. గంట కొడితే భోజనం, పిలిస్తే మందులు, ఫలానా వేళకు దీపాలు ఆర్పడం. ఇలాంటి జీవితం మనిషిని ఎలా మందగింపజేస్తుందో రస్సెల్ బార్టన్ అనే బ్రిటిష్ మానసిక వైద్యుడు 1959లోనే వివరించారు. ఉదాసీనత, తలవంచుకుని ఒప్పుకోవడం, రేపటి మీద ఆసక్తి పోవడం వంటివి జబ్బు వల్లనే కాక ఆ చోటు వల్ల కూడా వస్తాయని ఆయన వాదించారు. ఎవరూ చెప్పకుండా స్నానం చేయడం లేదని ఒక మనిషిని ఇంకో ఏడాది అక్కడే ఉంచితే, అతని చొరవను తగ్గించిన చోటునే దానికి మందుగా వాడినట్టు అవుతుంది.

ముందు ఇల్లు, ఆ ఇంట్లోనే సాయం అనే పద్ధతికి ఇప్పుడు గట్టి ఆధారాలు ఉన్నాయి. న్యూయార్క్‌లో 1992లో శామ్ సెంబెరిస్ అనే మనస్తత్వవేత్త వీధుల్లో బతుకుతున్న మానసిక రోగులకు ఏ షరతూ పెట్టకుండా ముందు మామూలు అపార్ట్‌మెంట్లు ఇప్పించి, చికిత్సను, సాయాన్ని వాళ్ల ఇంటికే తీసుకెళ్లడం మొదలుపెట్టారు. హౌసింగ్ ఫస్ట్ అని పేరుపడింది అదే. తర్వాత కెనడాలో 2009 నుంచి 2013 వరకు వాంకూవర్, విన్నిపెగ్, టొరంటో, మాంట్రియల్, మాంక్టన్ నగరాల్లో రెండు వేల మందికి పైగా మనుషులతో దీన్ని పెద్ద ఎత్తున పరీక్షించారు. మామూలు సేవలు అందుకున్న వాళ్లతో పోలిస్తే ముందు ఇల్లు అందుకున్నవాళ్లు చాలా ఎక్కువకాలం ఇంట్లో నిలిచారు. అయితే రోగ లక్షణాల విషయంలో రెండు గుంపులకూ పెద్ద తేడా కనిపించలేదు. అమ్మానాన్నలకు ఇది దాచకుండా చెప్పండి. ఇల్లు జబ్బును నయం చేయదు. జబ్బు ఉన్న మనిషి కూడా ఇంట్లో ఉండగలడని మాత్రం ఈ ఫలితాలు చూపించాయి.

ఆ అధ్యయనాలు నిలువ నీడ లేనివాళ్ల గురించినవి, మీ తమ్ముడి పరిస్థితి వేరు అని కేంద్రం వాళ్లు అనవచ్చు. అది న్యాయమైన మాటే. మీ తమ్ముడి పరిస్థితికి దగ్గరి ఉదాహరణ ఉత్తర లండన్‌లో ఉంది. అక్కడి ఫ్రైయర్న్ మానసిక ఆస్పత్రిని 1993లో మూసివేశారు. ఏళ్లకు ఏళ్లు అందులోనే గడిపిన వందలాది మంది బయటికి వెళ్లాక ఎలా ఉన్నారో జూలియన్ లెఫ్ నాయకత్వంలోని బృందం ఐదేళ్లపాటు గమనించింది. చాలామంది సిబ్బంది తోడుండే చిన్న ఇళ్లకు వెళ్లారు. లక్షణాలు పెద్దగా మారలేదు. కానీ స్నేహాలు పెరిగాయి, రోజువారీ పనుల్లో నేర్పు పెరిగింది. ఎక్కువమంది తామున్న చోటే ఉంటామన్నారు. అందరూ వీధిపాలు అవుతారని మూసివేతకు ముందు వినిపించిన భయం నిజం కాలేదు.

ఇక మీ ఇంటి సంగతి. మొట్టమొదట తమ్ముడిని అడగండి. మీ ఉత్తరమంతటిలో అతని మాట ఒక్కటీ లేదు. తప్పు పట్టడానికి చెప్పడం లేదు, కుటుంబాలు రాసే ఉత్తరాలు తరచూ అలాగే ఉంటాయి. ఒంటరిగా ఉండాలని ఉందా, ఇంకో ఇద్దరితో కలిసి ఉండాలని ఉందా? అమ్మానాన్నల ఇంటికి ఎంత దూరంలో? ఏ అంతస్తులో? రాత్రి తలుపు తాళం ఎవరి చేతిలో ఉండాలి? ఒక్కసారి అడిగితే "మీ ఇష్టం" అంటాడు. ఏడేళ్లు ఎవరూ ఇష్టం అడగని మనిషి అలాగే అంటాడు. రెండు మూడు ఇళ్లు నిజంగా చూపించి, మళ్లీ మళ్లీ అడగండి. వంటగది కిటికీ నచ్చలేదనో, పై అంతస్తు వద్దనో అతను అన్న రోజు సంతోషించండి.

సొంతంగా ఉండటమంటే ఒంటరిగానే ఉండటం అని అర్థం కాదు. చెన్నైకి చెందిన బాన్యన్ సంస్థ 2015లో మొదలుపెట్టిన 'హోమ్ అగైన్' పద్ధతిలో, దీర్ఘకాలం ఆస్పత్రిలో ఉన్నవాళ్లు నలుగురైదుగురు కలిసి మామూలు వాడల్లోని మామూలు ఇళ్లలో ఉంటారు, సాయం చేసేవాళ్లు తోడుంటారు. మీ తమ్ముడికి మనుషుల మధ్య ఉండటం నచ్చితే ఇలాంటిది మంచిది. కానీ ఎవరితో ఉండాలో అతనే ఎంచుకోవాలి.

అమ్మానాన్నలు తమ ఇంటికే తీసుకెళ్తామంటున్నారని కూడా రాశారు. ప్రేమతో అంటున్న మాట అది. అయినా ఒక విషయం తెలిసి ఉండటం మంచిది. 1950ల చివర్లో లండన్‌లో జార్జ్ బ్రౌన్ అనే సామాజిక శాస్త్రవేత్త ఆస్పత్రి నుంచి విడుదలైన వాళ్లను గమనిస్తే, తల్లిదండ్రుల దగ్గరికో, జీవిత భాగస్వామి దగ్గరికో వెళ్లినవాళ్లు అద్దె గదుల్లో ఉన్నవాళ్లకంటే, తోబుట్టువుల దగ్గర ఉన్నవాళ్లకంటే ఎక్కువగా ఆస్పత్రికి తిరిగి వచ్చారు. దీని మీద జరిగిన తర్వాతి పరిశోధనల్లో ఎడతెగని విమర్శ, కోపం, అతి జాగ్రత్త ఉన్న వాతావరణం వ్యాధిని తిరగబెట్టిస్తుందని తేలింది. అలాంటి ఇంట్లో వారానికి 35 గంటలకు మించి ఎదురెదురుగా గడిపేవాళ్లకు ఆ ప్రమాదం ఇంకా ఎక్కువని 1976లో వచ్చిన అధ్యయనం చూపింది. జబ్బు తల్లిదండ్రుల వల్ల వచ్చిందని దీనికి అర్థం కాదు. నడిచి వెళ్లేంత దగ్గరలో, కానీ వేరే తలుపు వెనుక ఉండటం చాలా కుటుంబాల్లో ఇద్దరికీ ఊపిరి ఆడనిస్తుంది. అమ్మ వచ్చినప్పుడు ఆ ఇంటి గంట కొట్టి, తలుపు తీసేవరకు ఆగాలి. ఈ ఒక్క అలవాటు మీద నేను చాలా పట్టుదలగా ఉంటాను.

ఇల్లు చూసేటప్పుడు అద్దె, గదుల లెక్క అందరూ చూస్తారు. మీరు ఇంకొన్ని చూడాలి. గోడలు పలచగా ఉండి పక్కింటి మాటలు సగం సగం వినిపించే ఇల్లు వద్దు. చెవిలో మాటలు వినిపించే మనిషికి ఆ సగం మాటలు తన గురించే అనిపిస్తాయి. మందులతో మగత ఉన్నవాళ్లకు వంటపొయ్యి దానంతట అదే ఆగిపోయే రకమైతే నిశ్చింత. దుకాణం, బస్సు, ఇంజెక్షన్ ఇచ్చే చోటు నడకకు అందేలా ఉండాలి. అద్దె ఒప్పందం అతని పేరు మీదే ఉండాలి. మందులు వేసుకుంటేనే ఇల్లు అనే షరతు అందులో గానీ, నోటిమాటగా గానీ ఉండకూడదు. ఇల్లు ఇచ్చేవాళ్లూ చికిత్స చేసేవాళ్లూ ఒకరే అయితే, "మందు మానేశాను" అని చెప్పడానికి అతను భయపడతాడు. ఆ మాట మీకు ఆలస్యంగా తెలుస్తుంది, అసలు ప్రమాదం అక్కడ ఉంది. జబ్బు సంగతి ఇంటి యజమానికి చెప్పాలా వద్దా అన్నది అతను నిర్ణయించుకోవాలి.

ఒకవేళ మళ్లీ ఆస్పత్రిలో చేరవలసి వస్తే, ఆ నెలల అద్దె ఎవరు కడతారు? ఇల్లు తీసుకోకముందే దీన్ని కాగితం మీద రాసుకోండి. మధ్యలో ఒకసారి ఆస్పత్రిలో చేరడం ఓటమి కాదు. కానీ ఆ వారాల్లో ఇల్లు చేజారితే, కోలుకున్న మనిషికి వెళ్లడానికి చోటు ఉండదు, మళ్లీ కేంద్రమే గతి అవుతుంది. మూడు నెలల అద్దె పక్కన పెట్టగలిగితే, దాన్ని వేరే దేనికీ ముట్టుకోకండి.

మందుల విషయంలో మారే ముందే తేల్చవలసినవి ఉన్నాయి. ఇంజెక్షన్ ఇకపై ఎవరు ఇస్తారు, ఎక్కడ, మారిన తర్వాత మొదటి తేదీ ఏది అన్నది ఖరారు కాకుండా సామాను కదపవద్దు. ఇక మా కేంద్రం పేషెంటు కాదని ఒకరు, ఇంకా మా దగ్గర నమోదు కాలేదని ఇంకొకరు అనే సందులో ఇంజెక్షన్ తప్పిపోవడం నేను చాలాసార్లు చూశాను. క్లోజపిన్ గానీ ఒలాంజపిన్ గానీ వాడుతుంటే సిగరెట్ల గురించి డాక్టరుతో తప్పక మాట్లాడాలి. సిగరెట్ పొగ కాలేయంలోని ఒక ఎంజైమును పెంచి ఈ మందులను త్వరగా కరిగించేస్తుంది. పొగ నిషేధం ఉన్న కేంద్రం నుంచి వచ్చి ఇంట్లో రోజుకో పెట్టె కాల్చడం మొదలుపెడితే, మాత్రలు క్రమంగా వేసుకుంటున్నా రక్తంలో మందు తగ్గిపోతుంది. సిగరెట్లు ఒక్కసారిగా మానేస్తే రక్తంలో మందు ప్రమాదకరంగా పెరగవచ్చు. లిథియం వాడేవాళ్లు నీళ్లు సరిగా తాగాలి, ఐబుప్రోఫెన్ లాంటి నొప్పి మాత్రలు సొంతంగా కొనుక్కోకూడదు. ఇంకో మాట కూడా చెప్పాలి. మానసిక ఆస్పత్రి నుంచి బయటికి వచ్చిన మొదటి వారాల్లో ఆత్మహత్య ప్రమాదం ఎక్కువగా ఉంటుందని ఎన్నో దేశాల్లో తేలింది. మీ తమ్ముడు వస్తున్నది ఆస్పత్రి నుంచి కాకపోయినా ఆ జాగ్రత్త ఇక్కడా పాటించండి. చచ్చిపోవాలని అనిపిస్తోందా అని సూటిగా అడగడానికి జంకకండి, అడిగితే ఆ ఆలోచన పుట్టదు. అనిపిస్తోందంటే ఆ రోజే డాక్టరుకు చెప్పండి, ఒంటరిగా వదలకండి. నెలల తరబడి మాత్రలు ఒకేసారి ఇంట్లో పోగు చేయకండి.

మారడం ఎలా అంటే, మెల్లగా మొదలుపెట్టి త్వరగా ముగించండి. మొదట పగటిపూట వెళ్లి అక్కడ ఒక పూట వంట చేసుకుని రావడం, తర్వాత ఒక రాత్రి, తర్వాత రెండు మూడు రాత్రులు. రెండు మూడు వారాలకు మించి సాగదీస్తే రెండు చోట్లా అతిథి అయిపోతాడు. వంట, ఉతుకు, బిల్లులు నేర్పడమంతా ఆ ఇంట్లోనే, ఆ పొయ్యి మీదే, ఆ వీధి దుకాణంలోనే జరగాలి. మొదట్లో పక్కనే నిలబడి కలిసి చేయండి. తర్వాత గోడ మీద వరుసగా బొమ్మలతో అంటించిన కాగితం చాలు. కొందరికి ఆ కాగితం ఎప్పటికీ కావాలి. కావాలంటే ఉండనివ్వండి. కళ్లద్దాలు పెట్టుకుని చదివేవాళ్లను సొంతంగా చదవలేరని ఎవరూ అనరు కదా. డబ్బు విషయంలో అద్దె, కరెంటు బిల్లు బ్యాంకు ఖాతా నుంచి వాటంతట అవే కట్టయ్యేలా చేసి, మిగిలింది వారం వారం చేతికి వచ్చేలా పెడితే సగం తగాదాలు పుట్టవు.

ఇక అసలు కష్టం, ఒంటరితనం. అమ్మానాన్నలు పొయ్యి గురించి, మందుల గురించి భయపడతారు. నేను సాయంత్రాల గురించి భయపడతాను. కేంద్రంలో ఎప్పుడూ ఏదో ఒక సందడి ఉంటుంది. ఎవరో దగ్గుతారు, ఎవరో టీవీ పెడతారు. కొత్త ఇంట్లో చీకటి పడ్డాక ఏ చప్పుడూ ఉండదు. ఆ నిశ్శబ్దంలో చెవిలోని మాటలు పెద్దవవుతాయి. కొంతమందికి రేడియో, చెవిలో పెట్టుకుని వినే పాటలు బాగా పనిచేస్తాయి. కానీ మనిషికి మనిషే కావాలి. మొదటి నెలలో చూడటానికి వెళ్లేవాళ్లు పగలు వెళ్లకుండా సాయంత్రం వెళ్లేలా ఏర్పాటు చేయండి. సెలవు రోజులు ఖాళీగా వదలకండి. కేంద్రంలో స్నేహితులుంటే వాళ్లను చూడటానికి వారానికోసారి వెళ్లనివ్వండి. పాత చోటుతో తెగతెంపులు చేసుకుంటేనే కొత్త చోటు అలవాటవుతుందని కొందరు అంటారు, నేను ఒప్పుకోను. వారంలో కొన్ని గంటలైనా అతని కోసం ఎవరైనా ఎదురుచూసే చోటు ఒకటి ఉండాలి. అది జీతం వచ్చే పని కావచ్చు, గ్రంథాలయం కావచ్చు, తోట పని కావచ్చు. రాకపోతే "ఈ రోజు రాలేదేమిటి?" అని అడిగే మనిషి అక్కడ ఉంటే చాలు.

ఒంటరితనం వల్ల ఇంకో ముప్పు ఉంది. కొత్తగా ఇల్లు దొరికిన మెతక మనిషిని పసిగట్టి, స్నేహం కలిపి, ఒక రాత్రి పడుకుంటానని వచ్చి తిష్ఠ వేసేవాళ్లు ఉంటారు. డబ్బు తీసుకుంటారు, మత్తు పదార్థాలు తెస్తారు, చివరికి ఇంటి యజమాని దగ్గర మాట పడేది మీ తమ్ముడు. నేను చూసిన ఇళ్లలో జబ్బు తిరగబెట్టి పోయినవాటికంటే ఇలా పోయినవే నన్ను ఎక్కువ బాధించాయి. "వద్దు" అనడం అతనికి కష్టమైతే, ముందే ఒక వాక్యం నేర్పండి: "మా అక్కను అడగకుండా ఎవరినీ ఉండనివ్వకూడదని ఒప్పుకున్నాను." ఆ నింద మీరు మోయండి. అతనిని గద్దించవద్దు, గద్దిస్తే తర్వాతిసారి దాస్తాడు.

జబ్బు తిరగబెట్టే ముందు ప్రతి మనిషికీ సొంత సూచనలు ఉంటాయి. ఒకరికి నిద్ర తగ్గుతుంది, ఒకరు కిటికీలకు కాగితాలు అంటిస్తారు, ఇంకొకరు ఫోను ఎత్తడం మానేస్తారు. బాగున్నప్పుడే మీ తమ్ముడితో కూర్చుని అతని మాటల్లోనే రాయించండి. నాకు ఇలా అయితే ముందు ఎవరికి చెప్పాలి, ఏ మందు నాకు పడదు, ఏ ఆస్పత్రి ఇష్టం, నేను లేనప్పుడు ఇల్లు ఎవరు చూడాలి. భారతదేశంలో 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం తనకు ఎలాంటి చికిత్స కావాలో, ఏది వద్దో ముందుగానే రాసిపెట్టే హక్కును ఇచ్చింది. అదే చట్టంలోని 19వ సెక్షన్ సమాజంలో జీవించే హక్కు గురించి చెబుతుంది. వెళ్లడానికి ఇల్లు లేదనో, కుటుంబం ఒప్పుకోలేదనో మాత్రమే ఒక మనిషిని మానసిక ఆరోగ్య సంస్థలో ఉంచేయకూడదని అందులో ఉంది. కేంద్రం వాళ్లతో మాట్లాడేటప్పుడు ఇది మీకు పనికొస్తుంది. ఐక్యరాజ్యసమితి 2006లో ఆమోదించిన వికలాంగుల హక్కుల ఒడంబడికలో కూడా ఈ హక్కు 19వ అధికరణంలోనే ఉంది.

సాయం ఎంతకాలం అన్న ప్రశ్న మీరు అడగలేదు, కానీ అన్నిటికంటే పెద్దది అదే. మూడో నెలలో ఇల్లు చక్కగా ఉంటుంది, అతను నవ్వుతూ తలుపు తీస్తాడు. అప్పుడు అందరూ "ఇక పరవాలేదు" అనుకుని వెళ్లడం తగ్గిస్తారు. 1970లలో అమెరికాలోని మాడిసన్‌లో లియొనార్డ్ స్టీన్, మేరీ ఆన్ టెస్ట్ ఒక ప్రయోగం చేశారు. తీవ్రమైన మానసిక వ్యాధి ఉన్నవాళ్లను ఆస్పత్రిలో చేర్చకుండా, బృందమే వాళ్ల ఇళ్లకు, దుకాణాలకు, పని చోట్లకు వెళ్లి సాయం చేసింది. ఫలితాలు చాలా బాగున్నాయి. 14 నెలల తర్వాత ఆ సాయం ఆపి మామూలు సేవలకు అప్పగించారు. సాధించిన దానిలో చాలా భాగం జారిపోయింది. తర్వాత ప్రపంచమంతా పాకిన ఇంటికి వెళ్లే బృందాల పద్ధతి ఈ పాఠం నుంచే కాలపరిమితి లేకుండా రూపుదిద్దుకుంది. అలాంటి బృందం మీకు దొరకకపోవచ్చు. అప్పుడు కనీసం మొదటి తొమ్మిది నెలలు పట్టుగా నిలబడండి. మొదటి మూడు నెలలు తరచుగా, తర్వాతి మూడు నెలలు అతను చేస్తుంటే చూస్తూ, చివరి మూడు నెలలు ఆ భారాన్ని దగ్గరలోనే ఉండే శాశ్వతమైన మనుషులకు అప్పగిస్తూ. సాయం తగ్గించే ప్రతిసారీ ఒక్కటే తగ్గించండి, కొన్ని వారాలు చూడండి, అవసరమైతే మళ్లీ పెంచండి.

ఇప్పుడే వద్దు అనవలసిన సందర్భాలూ ఉన్నాయి. ఆత్మహత్య ఆలోచనలు బలంగా ఉన్నప్పుడు, మాటలు ఎవరినో కొట్టమని ఆదేశిస్తూ అతను వాటికి లొంగుతున్నప్పుడు, ఇల్లు మారడం అతనికే ఇష్టం లేనప్పుడు. మీరు రాసినదాన్ని బట్టి మొదటి రెండూ లేవు. మూడోది అతనినే అడగాలి.

వచ్చే సమావేశానికి తమ్ముడిని వెంటబెట్టుకుని వెళ్లండి. "ఆరు నెలల తర్వాత చూద్దాం" అని వాళ్లు అంటే, వాదించకుండా ఒక కాగితం ముందు పెట్టి ఈ పేర్లు రాయమనండి: ఇంజెక్షన్ ఎవరు ఇస్తారు, మొదటి నెలలో ఏ సాయంత్రం ఎవరు వెళ్తారు, రాత్రి రెండింటికి అతను ఫోను చేస్తే ఎవరు ఎత్తుతారు, ఆస్పత్రిలో ఉంటే అద్దె ఎవరు కడతారు, ఆరో నెలలో ఇంకా ఎవరు వస్తుంటారు. ఖాళీగా మిగిలిన గళ్లే మీరు ఇప్పుడు చేయవలసిన పని. అవి నిండాక ఇల్లు వెతకడం మొదలుపెట్టండి. ఏ గడి దగ్గర ఆగిపోయారో ఇక్కడే రాస్తే, దాని గురించి వివరంగా చెబుతాను.